బీరు పిప్పి, ఈస్టు మడ్డి: అనంతపురంలో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు

నేను మైక్రోబయాలజీ చదివాను. ఇప్పుడు అనంతపురం దగ్గర మా ఊళ్లోనే నాలుగు ఎనుములు మేపుకుంటూ, చిన్న షెడ్డులో పుట్టగొడుగులు పెంచుతున్నాను. బెంగళూరు వైపు నుంచి వచ్చే బీరు పిప్పితో కొన్నేళ్లుగా పని చేస్తున్నాను కాబట్టి పాడి రైతులు, కాలేజీ పిల్లలు, కొత్తగా ఏదైనా యూనిట్ పెట్టాలనుకునేవాళ్లు ఫోన్ చేసి అడుగుతుంటారు. వాళ్ల ప్రశ్నలు దాదాపు అవే కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

బీరు పిప్పి అంటే అసలు ఏమిటన్నా?

మన ఇళ్లలో రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి రాగి మాల్ట్ చేస్తాం కదా, బీరు ఫ్యాక్టరీవాళ్లు బార్లీతో అదే పని చేస్తారు. మొలకెత్తేటప్పుడు గింజలో ఎంజైములు పుడతాయి. ఆ మాల్టును మరపట్టి, సుమారు 65 డిగ్రీల వేడి నీళ్లలో గంటకు పైగా ఉంచితే ఆ ఎంజైములు గింజలోని పిండిని చక్కెరగా మార్చేస్తాయి. తియ్యటి రసం వడకట్టి తీసుకుంటారు. జల్లెడ మీద మిగిలే పొట్టూ, గింజ పైపొరలూ, నీళ్లలో కరగని మాంసకృత్తులూ కలిసినదే పిప్పి. చెరకు ఆడితే పిప్పి మిగిలినట్టే, కాకపోతే చెరకు పిప్పి కంటే ఇందులో తిండి చాలా ఎక్కువ.

100 లీటర్ల బీరుకు సుమారు 20 కిలోల తడి పిప్పి వస్తుంది. ఫ్యాక్టరీలో మిగిలే పదార్థాల బరువులో 85 శాతం దాకా ఇదే. ఆ తర్వాత రసాన్ని హాప్స్ అనే చేదు పూలతో మరిగిస్తే కొంత మడ్డి, ఈస్టు వేసి పులియబెట్టాక అడుగున ఇంకొంత మడ్డి మిగులుతాయి. ఈ మూడూ మూడు వేరువేరు సరుకులు, వాటి వాడకాలూ వేరు. వీటన్నిటినీ 'బీరు వేస్టు' అని ఒకే పేరుతో పిలవడం వల్లే సగం తప్పులు జరుగుతున్నాయి.

పిప్పి తింటే ఎనుముకు మత్తెక్కదా? పాలలో ఆల్కహాల్ రాదా?

రాదు. ఈ ప్రశ్న ఎక్కువగా ఇంటి ఆడవాళ్లు అడుగుతారు, అడగడం న్యాయమే. తాగుడు వల్ల ఇళ్లు ఎలా నాశనమయ్యాయో చూసినవాళ్లు, 1990లలో సారా వద్దని రోడ్డెక్కిన తరం వాళ్లు, 'ఆ ఫ్యాక్టరీ సరుకు మా కొట్టంలోకి ఎందుకు' అంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. పిప్పి వేరయ్యేది ఈస్టు వేయకముందు. ఆల్కహాల్ పుట్టేది ఈస్టు వేశాకే. అంటే పిప్పి బయటికి వచ్చేసరికి ఆ రసం ఇంకా వట్టి తియ్యటి నీళ్లే.

ఈస్టు మడ్డి సంగతి వేరు. అందులో బీరు కలిసి ఉంటుంది కాబట్టి ఆల్కహాల్ ఉంటుంది, పైగా ఈస్టు బతికే ఉంటుంది. దాన్ని ఉడికించి చంపకుండా పశువుకు పెడితే కడుపులో పులిసి పొట్ట ఉబ్బుతుంది. పిప్పి, ఈస్టు మడ్డి కలిపి ఒకే డ్రమ్ములో ఇస్తామంటే తీసుకోకండి.

ఇందులో ఏముంది? తవుడు కంటే మంచిదా?

ఎండబెట్టి చూస్తే ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా మాంసకృత్తులు, కొద్దిగా కొవ్వు, మిగిలినదంతా పీచు. బుడ్డల (వేరుశనగ) చెక్కలో మాంసకృత్తులు 40 శాతం దాటుతాయి కాబట్టి చెక్కతో పోటీ పడలేదు కానీ మాంసకృత్తుల లెక్కలో తవుడును దాటుతుంది. పీచులో సెల్యులోజ్, అరబినోజైలాన్, లిగ్నిన్ అని మూడు రకాలు ఉంటాయి. ఈ మూడు పేర్లు గుర్తు పెట్టుకోండి. కింద ప్లాస్టిక్ గురించి, ఎంజైముల గురించి మాట్లాడేటప్పుడు మళ్లీ వస్తాయి.

ఇంత మంచిదైతే ఫ్యాక్టరీవాళ్లు చవగ్గా ఎందుకిస్తారు?

ఇది అసలైన ప్రశ్న. దీనికి జవాబు అర్థమైతే మిగతావన్నీ సులభం.

తడి పిప్పిలో నూటికి 75 నుంచి 80 పాళ్లు నీళ్లే. ఒక టన్ను లోడు తెచ్చుకుంటే అందులో నిజంగా మేత అయ్యేది 200 నుంచి 250 కిలోలు, మిగిలినదంతా నీళ్లు. బెంగళూరు నుంచి అనంతపురానికి 200 కిలోమీటర్లు పైనే. అంత దూరం లారీ బాడుగ పెట్టి మనం ప్రధానంగా నీళ్లు మోసుకొస్తున్నాం. రెండోది, అది వేడివేడిగా, తడిగా, కొంచెం తియ్యగా బయటికి వస్తుంది. సూక్ష్మజీవులకు అంతకంటే మంచి విందు లేదు. ఫ్యాక్టరీలో రోజూ టన్నులకొద్దీ వస్తుంటే పెట్టుకోవడానికి చోటుండదు, ఉంచితే కంపు. అందుకే ఎవరో ఒకరు తీసుకుపోతే చాలు అనుకుంటారు.

కాబట్టి పిప్పి ధర అడిగే ముందు రెండు లెక్కలు వేసుకోండి. ఎండు బరువు మీద కిలో ఎంత పడుతోంది? నా చేతికి వచ్చేసరికి ఎన్ని గంటలైంది? తడి బరువు మీద చవగ్గా కనిపించిన సరుకు, ఎండు బరువు మీద బాడుగతో కలిపి లెక్కేస్తే చెక్కతో సమానంగా పడిన సందర్భాలు నాకు ఎదురయ్యాయి. హిందూపురం వైపు వాళ్లకు దూరం సగమే కాబట్టి కలిసొస్తుంది, కర్నూలుకు వెళ్లేసరికి లెక్క మారిపోతుంది.

తెచ్చాక ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది?

మన ఎండలకు కుప్ప పోసి ఉంచితే ఒక్క రోజు, మహా అయితే రెండు రోజులు.

నేను మొదటి లోడు మే నెలలో తెచ్చాను. లారీ సాయంత్రం రావాల్సింది అర్ధరాత్రి వచ్చింది, అప్పటికే అది ఫ్యాక్టరీలో ఒక రోజు ఉన్న సరుకని నాకు ఎవరూ చెప్పలేదు. రేకుల షెడ్డు కింద కుప్ప పోసి పడుకున్నాను. పొద్దున చెయ్యి పెడితే లోపల కాలుతోంది, పుల్లటి వాసన దాటి కుళ్లు వాసన వస్తోంది, రెండో రోజుకు పైన తెల్లగా బూజు పట్టింది. మొత్తం ఎరువు గుంటలో వేశాను. అప్పట్లో ఆ డబ్బు నాకు చాలా పెద్ద మొత్తం, ఇంట్లో చెప్పడానికి వారం పట్టింది. ఆ రోజు నుంచి సరుకు ఏ పూట తీసినదో అడగకుండా లోడు ఎత్తనివ్వను.

కుప్పను కుళ్లబెట్టిన ఎండే పలచగా పరిస్తే కాపాడుతుంది, ఇది మన సీమకు ఉన్న గొప్ప వసతి. బుడ్డలు ఆరబెట్టే కళ్లంలో టార్పాలిన్ వేసి రెండు వేళ్ల మందానికి మించకుండా పరిచి, గంటకోసారి తిరగదోస్తే మార్చి నుంచి మే దాకా ఒకటి రెండు రోజుల్లో గలగలలాడేలా ఎండుతుంది. తేమ 10, 12 శాతానికి దిగితే గోతాల్లో నెలల తరబడి ఉంటుంది. చల్లదేశాల్లో దీన్ని ఎండబెట్టడానికి బాయిలర్లు, డ్రమ్ము డ్రయ్యర్లు పెట్టి ఇంధనం తగలేస్తారు. మనకు ఆకాశం ఉచితంగా ఇస్తోంది. వానాకాలంలో మాత్రం ఈ పని పెట్టుకోకండి.

ఎండబెట్టలేకపోతే? పాతర వేయవచ్చా?

వేయవచ్చు, గాలి తగలకుండా వేస్తే. దీన్నే సైలేజీ అంటారు. పాలు తోడుకోవడమూ ఇదీ ఒకే జాతి బ్యాక్టీరియా పని. గాలి లేనిచోట లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పిప్పిని పులియబెట్టి పులుపు పెంచుతుంది, పీహెచ్ 4 దగ్గరికి దిగాక కుళ్లబెట్టే జీవులు బతకలేవు.

పిప్పి ఒక్కటే వేస్తే నీళ్లు కారిపోతాయి, ఆ నీళ్లతోపాటు సారం పోతుంది. అందుకని సన్నగా నరికిన జొన్న సొప్పో, ఎండు బుడ్డల కట్టెనో కలపండి. గుప్పిట్లో పట్టి పిండితే చెయ్యి తడవాలి కానీ నీళ్లు ధారగా కారకూడదు, అదే కొలత. చక్కెరంతా ఫ్యాక్టరీవాళ్లే తీసుకున్నారు కాబట్టి బ్యాక్టీరియాకు మొదలుపెట్టడానికి కొంచెం తీపి కావాలి. వందకు ఒకటి రెండు కిలోల బెల్లం నీళ్లలో కలిపి చల్లండి. నీలం డ్రమ్ములో గానీ మందపాటి సైలేజీ సంచిలో గానీ పొరలు పొరలుగా వేసి కాళ్లతో గట్టిగా తొక్కి, పైన కవరు మూసి బరువు పెట్టండి. మూడు వారాలు తెరవకండి. తెరిచినప్పుడు ఊరగాయలాంటి పులుపు వాసన రావాలి. వెన్న కుళ్లిన వాసన వస్తే అది చెడినట్టే. తెరిచాక రోజూ పైనుంచి ఒక పొర తీస్తూ త్వరగా వాడేయాలి.

రోజుకు ఎంత పెట్టాలి?

పది లీటర్లిచ్చే సంకర జాతి ఆవుకైనా తడిది 8 నుంచి 10 కిలోలు దాటించకండి. మొదటి రోజు 2 కిలోలతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో పెంచండి. పొట్టలోని సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటు పడటానికి అంత టైము కావాలి. ఎండు మేత తగ్గించకూడదు. పిప్పిలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ, కాబట్టి లవణ మిశ్రమం తప్పనిసరి. 'పాలు పెరిగాయి కానీ పశువు ఒంటికి పట్టలేదు' అని ఫోన్ చేసినవాళ్లలో చాలామంది లవణ మిశ్రమం మానేసినవాళ్లే.

కుడితి తొట్టిలో కలిపి పెట్టొచ్చు, కానీ ఆ తొట్టి రోజూ కడగాలి. నిన్నటి పిప్పి అడుగున మిగిలితే ఈరోజుది కూడా చెడుతుంది.

కొంచెం బూజు పడితే పైది తీసేసి పెట్టొచ్చా?

వద్దు. దయచేసి వద్దు.

మన జిల్లాలో బుడ్డలు పండించేవాళ్లకు అఫ్లాటాక్సిన్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పంట చివర్లో వాన లేక భూమి వేడెక్కినప్పుడు కాయల్లో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు చేరి విషం పెడుతుంది, ఎగుమతి సరుకు వెనక్కి వచ్చేది దానివల్లే. అదే బూజు పిప్పి మీద కూడా పెరగగలదు. పశువు ఆ బి1 రకం విషాన్ని తింటే శరీరంలో ఎం1గా మారి పాలలోకి వస్తుంది. పాలలో ఎం1 కిలోకు 0.5 మైక్రోగ్రాములు దాటకూడదని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం. పాలు కాచినా అది పోదు. ఆ పాలు తాగేది మన పిల్లలే.

ఆస్పర్జిల్లస్ క్లావేటస్ అని ఇంకో బూజు ఉంది. మొలకెత్తిన గింజల మీద, పిప్పి మీద పెరిగి, తిన్న పశువుకు వణుకు, వెనక కాళ్లు తడబడటం తెస్తుంది. పైన కనిపించే బూజు కొంచెమే, దాని దారాలు లోపలంతా పాకి ఉంటాయి. బూజు పట్టినది ఎరువు గుంటకు పోవాలి.

పుట్టగొడుగులకు పనికొస్తుందా?

బాగా పనికొస్తుంది, నాకు ఇష్టమైన వాడకం ఇదే. కానీ మొదటిసారి అందరూ చేసే తప్పు ఒకటుంది. వరిగడ్డి బదులు మొత్తం పిప్పితోనే సంచులు నింపేస్తారు. పిప్పి సన్నగా, తడిగా ఉంటుంది కాబట్టి సంచిలో ముద్దలా అణిగిపోయి గాలి ఆడదు. పైగా నత్రజని ఎక్కువ కాబట్టి మన పుట్టగొడుగు కంటే ముందు ట్రైకోడెర్మా అనే పచ్చ బూజు వచ్చి కూర్చుంటుంది. వారానికే సంచులన్నీ పచ్చగా మారతాయి.

నేను చేసే పద్ధతి చెబుతాను. రెండంగుళాల ముక్కలుగా నరికిన వరిగడ్డి లేదా జొన్న సొప్ప తొమ్మిది పాళ్లు, పిప్పి ఒక పాలు, రెండూ ఎండు బరువులోనే. గడ్డిని రాత్రంతా నానబెడతాను. పిప్పిని విడిగా ఆవిరిలో గంటన్నర ఉడికిస్తాను, ఎందుకంటే సారం ఎక్కువున్న దానికి వేడి కూడా ఎక్కువ కావాలి. గడ్డిని 80 డిగ్రీల వేడి నీళ్లలో గంట ఉంచి, వార్చి, చల్లారాక రెండూ కలిపి ముత్యపు చిప్ప పుట్టగొడుగు విత్తనం పొరలుగా వేస్తాను. విత్తనం బెంగళూరు పక్కన హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థలో దొరుకుతుంది. సంచులకు చిల్లులు పెట్టి చీకటి గదిలో రెండు మూడు వారాలు ఉంచితే లోపలంతా తెల్లటి దారాలు అల్లుకుంటాయి. తర్వాత సంచి చీల్చి, రోజూ నీళ్లు చిలకరిస్తూ తేమ 80 శాతం పైన ఉంచితే వారం లోపే మొగ్గలు కనిపిస్తాయి.

కిలో ఎండు గడ్డికి అరకిలో పైనుంచి, అన్నీ కుదిరితే కిలో దాకా పచ్చి పుట్టగొడుగులు వస్తాయి. పిప్పి కలిపితే దిగుబడి పెరగడం నేను నా షెడ్డులో చూశాను, కానీ పదింట ఒక పాలు దాటిస్తే నష్టమే ఎక్కువ చూశాను. కాపు సమయంలో షెడ్డులోకి వెళ్లేటప్పుడు మాస్కు పెట్టుకోండి, ఆ బీజ ధూళికి దగ్గు, ఆయాసం వచ్చేవాళ్లున్నారు. కాపు అయిపోయిన సంచుల్ని వానపాముల ఎరువుకు వాడుకోవచ్చు, చీనీ తోటలవాళ్లు అడిగి మరీ తీసుకుపోతారు.

పిప్పితో ప్లాస్టిక్ చేస్తారట, నిజమేనా?

నిజమే. ల్యాబుల్లో చేసి చూపించారు, దారులు కూడా ఒకటి కంటే ఎక్కువున్నాయి. అయితే ఇంటి వెనక షెడ్డులో అయ్యే పని కాదు. యూనిట్ పెడతామని అప్పులకు తిరుగుతున్న ఇద్దరు కుర్రవాళ్లు ఈమధ్యే అడిగారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

పాలీ హైడ్రాక్సీ బ్యూటిరేట్, పీహెచ్‌బీ అని ఒక పదార్థం ఉంది. దాన్ని 1920లలో ఫ్రాన్స్‌లోని పాశ్చర్ సంస్థలో మోరిస్ లెమోయిన్ బ్యాక్టీరియా లోపల కనుక్కున్నాడు. కర్నూలు పల్లెల్లో మన పెద్దలు జొన్నలు బాగా పండిన ఏడు పాతరలో పోసి కరువుకు దాచుకునేవాళ్లు కదా, కొన్ని బ్యాక్టీరియా కూడా అంతే. చక్కెర దండిగా ఉండి, నత్రజని తక్కువైనప్పుడు, పెరగలేక ఆ చక్కెరను పీహెచ్‌బీ గుళికలుగా ఒంట్లో దాచుకుంటాయి. కుప్రియావిడస్ నెకేటర్ అనే బ్యాక్టీరియా తన ఎండు బరువులో 80 శాతం దాకా దాచగలదు. ఆ గుళికలు తీసి కరిగిస్తే ప్లాస్టిక్ లాగే పోత పోయవచ్చు, మట్టిలో సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి.

ఇప్పుడు చిక్కు చూడండి. పిప్పిలో నత్రజని ఎక్కువ. నత్రజని ఉంటే బ్యాక్టీరియా దాచుకోదు, పెరుగుతూ పోతుంది. అందుకే ముందు మాంసకృత్తుల్ని విడదీసి, తర్వాత మిగిలిన పీచును చక్కెరగా మార్చాలి. ఆ పీచు కూడా ఊరికే చక్కెర కాదు. లిగ్నిన్ సిమెంటులాగా పట్టుకుని ఉంటుంది, దాన్ని ఆవిరితోనో పలచటి ఆమ్లంతోనో వదులు చేయాలి, ఆమ్లం ఎక్కువైతే ఫర్‌ఫ్యూరాల్ లాంటివి పుట్టి బ్యాక్టీరియాను చంపుతాయి. తర్వాత 50 డిగ్రీల దగ్గర సెల్యులేజ్, జైలనేజ్ ఎంజైములు వేసి నానబెట్టాలి. ప్రతి మెట్టులోనూ ఖర్చుంది. పెట్రోలియం నుంచి వచ్చే ప్లాస్టిక్ చవక కాబట్టి మార్కెట్టులో నిలబడటం కష్టం.

రెండో దారి లాక్టిక్ ఆమ్లం. పెరుగులో ఉండే జాతి బ్యాక్టీరియాకు ఆ చక్కెర పెడితే లాక్టిక్ ఆమ్లం ఇస్తుంది, దాన్ని గొలుసులుగా కలిపితే పీఎల్ఏ ప్లాస్టిక్. త్రీడీ ప్రింటర్లలో వాడే తీగ చాలావరకు ఇదే. మూడోది జైలిటాల్. అరబినోజైలాన్ నుంచి వచ్చే జైలోజ్ చక్కెరను కొన్ని ఈస్టులు జైలిటాల్‌గా మారుస్తాయి, చక్కెర లేని చూయింగ్ గమ్ముల్లో వేసే తీపి అదే.

నా అభిప్రాయం అడిగితే, పిప్పి పుట్టే ఫ్యాక్టరీ పక్కనే, అదే ఆవిరి, అదే నీళ్లు వాడుకుంటూ ఇవన్నీ ఒక వరసలో చేస్తే నడుస్తాయి. ముందు మాంసకృత్తులు, తర్వాత చక్కెర, చివరికి మిగిలినది గ్యాసుకు. 200 కిలోమీటర్లు నీళ్లు మోసి ఇక్కడికి తెచ్చి ప్లాస్టిక్ చేస్తామంటే నేను ఒప్పుకోను. ఆ కుర్రవాళ్లకూ అదే చెప్పాను.

ఇంకో దారి మాత్రం మన చేతికి అందేదే. పుట్టగొడుగు దారాలతో ప్యాకింగ్ అచ్చులు చేయడం. బుడ్డల పొట్టును అచ్చులో పోసి, సారానికి కొంచెం పిప్పి కలిపి, గానోడెర్మా లాంటి శిలీంధ్రం వేస్తే దారాలు పొట్టునంతా జిగురులా పట్టేస్తాయి. ఎండబెడితే థర్మాకోల్ లాంటి తేలికైన ముక్క వస్తుంది. అమెరికాలో ఎకోవేటివ్ అనే కంపెనీ 2007 నుంచి ఈ పని మీదే ఉంది. పొట్టు మనకు కొరత లేదు, ఎవరైనా శ్రద్ధగా పట్టుకుంటే బాగుంటుందని నా ఆశ.

ఈస్టు మడ్డిని ఏం చేస్తారు?

మిగిలేవాటిలో విలువైనది ఇదే. ఎండబెడితే సగం దాకా మాంసకృత్తులు, బి విటమిన్లు దండిగా. 1902లో ఇంగ్లండులో బీరు ఊరైన బర్టన్‌లో ఈ మడ్డి నుంచే మార్మైట్ అనే ఉప్పటి లేహ్యం తయారీ మొదలైంది, రొట్టె మీద రాసుకుని ఇప్పటికీ తింటున్నారు. అందులో జరిగేది సూటిగా చెప్పాలంటే, ఈస్టును ఉప్పు వేసి వెచ్చగా ఉంచితే దాని సొంత ఎంజైములే దాన్ని లోపలి నుంచి కరిగిస్తాయి, గోడలు వడకట్టి రసాన్ని చిక్కబెడతారు.

ఆ వడకట్టిన గోడలకు కూడా గిరాకీ ఉంది. వాటిలోని బీటా గ్లూకాన్‌ను రొయ్యలు, చేపల మేతలో రోగనిరోధక శక్తికి కలుపుతారు, అంటే మన కోస్తా చెరువులకు నేరుగా పనికొచ్చే సరుకు.

ఈస్టులో ఆర్ఎన్ఏ ఎక్కువ. మన శరీరం దాన్ని యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది, దాన్ని ఇంకా విరిచే ఎంజైము మనుషులకు లేదు. కాబట్టి 'ఈస్టు మంచి ప్రొటీన్' అని గ్లాసుల కొద్దీ తాగడం తప్పు, గౌట్ నొప్పులున్నవాళ్లు దగ్గరికే పోకూడదు. అదే ఆర్ఎన్ఏను ఎంజైముతో విరిస్తే సూపుల్లో, మసాలా పొడుల్లో రుచి పెంచే న్యూక్లియోటైడ్లు వస్తాయి. ఆ విరిచే ఎంజైము దొరికే చోట్లలో ఒకటి బార్లీ మొలక వేళ్లు. మాల్టు ఎండాక వాటిని రాల్చేస్తారు, అవి కూడా ఒక మిగులే. ఒక మిగులును పనిలోకి దించడానికి పక్కనున్న ఇంకో మిగులు చాలింది. ఈ విషయం చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

పిప్పి పిండితో మనుషులు రొట్టెలు చేసుకోవచ్చా?

తినదగినదే, విదేశాల్లో బిస్కెట్లు, రొట్టెల్లో కలిపి అమ్ముతున్నారు. అయితే లారీలో దుమ్ము తిని వచ్చిన పశువుల సరుకుతో కాదు. ఫ్యాక్టరీలోనే వేడి మీద ఉండగానే శుభ్రంగా పట్టి, వెంటనే ఎండబెట్టి మరపట్టాలి. అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు కావాలి. బార్లీలో గ్లూటెన్ ఉంటుంది, పడనివాళ్లకు ఇది కూడా పడదు. పీచు ఎక్కువ కాబట్టి పదిలో ఒకటి రెండు పాళ్లు మించితే రొట్టె విరిగిపోతుంది, జొన్నపిండిలో కలిపితే ఇంకా త్వరగా. నేను గోధుమపిండిలో కలిపి చేయించాను, కొంచెం కాల్చిన గింజ వాసనతో బాగుంది.

గోబర్ గ్యాస్ ప్లాంటులో వేయవచ్చా?

పేడతో కలిపి వేయవచ్చు. కిలో పేడ ఇచ్చే గ్యాసు సుమారు 40 లీటర్లు, కిలో తడి పిప్పి నుంచి దానికి రెట్టింపు పైనే వస్తుంది. అందుకని ఆశపడి ఒకేసారి గంపెడు వేస్తారు. అప్పుడు ఆమ్లం పుట్టే వేగం మీథేన్ పుట్టే వేగాన్ని దాటి ప్లాంటు పులిసిపోతుంది, గ్యాసు వస్తుంది కానీ స్టవ్వు మీద మండదు. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజూ 50 కిలోల పేడ వేస్తుంటే పిప్పి 2 కిలోలతో మొదలుపెట్టి నెల రోజుల్లో 5 దాకా పోండి. పులిస్తే పిప్పి ఆపేసి కొన్నాళ్లు వట్టి పేడే వేయండి, కోలుకుంటుంది. బూజు పట్టి పశువుకు పనికిరాని సరుకు ఇక్కడ పనికొస్తుంది.

ఫ్యాక్టరీలు కడిగిన నీళ్లను కూడా ఇలాగే గాలి లేని ట్యాంకుల్లో శుద్ధి చేసి గ్యాసు తీస్తాయి. 1970లలో నెదర్లాండ్స్‌లో లెటింగా అనే శాస్త్రవేత్త తయారు చేసిన యూఏఎస్‌బీ పద్ధతి అది, కింది నుంచి పైకి నీళ్లు పారుతుంటే బ్యాక్టీరియా గింజల్లా గుంపు కట్టి అడుగునే నిలబడి పని చేస్తుంది.

హాప్స్ మడ్డి?

చేదు, పశువులు ముట్టవు. ఎరువు గుంటలో వేయండి. కుక్కలకు ఇది విషం, తింటే ఒళ్లు ప్రమాదకరంగా వేడెక్కుతుంది, కాబట్టి గుంట మీద మట్టి కప్పండి.

అన్నా, ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేయాలి. పిప్పితో ఏం చేయొచ్చు?

ఎస్కేయూ, యోగి వేమన, రాయలసీమ యూనివర్సిటీ పిల్లలు అడిగే ప్రశ్న ఇది. పెద్ద ఫెర్మెంటర్ లేదని దిగులు వద్దు. ఫ్లాస్కుల్లో ఘన స్థితి కిణ్వనం చేయండి, అంటే నీళ్లలో కాకుండా తడి పిప్పి మీదే శిలీంధ్రాన్ని పెంచడం. ఎండు పిప్పి 10 గ్రాములు, తేమ 70 శాతం దాకా, ఆటోక్లేవ్ చేసి ఆస్పర్జిల్లస్ నైగర్ గానీ ట్రైకోడెర్మా రీసీ గానీ వేసి 28, 30 డిగ్రీల్లో ఐదు నుంచి ఏడు రోజులు. తర్వాత పీహెచ్ 4.8 సిట్రేట్ బఫర్‌తో కడిగి వడకడితే అందులో సెల్యులేజ్, జైలనేజ్ ఉంటాయి. అవి పీచు నుంచి ఎంత చక్కెర విడదీస్తున్నాయో డీఎన్ఎస్ అనే రంగు పరీక్షతో 540 నానోమీటర్ల దగ్గర కొలవండి.

ట్రైకోడెర్మా రీసీ కథ మీ వైవాలో చెప్పండి. రెండో ప్రపంచ యుద్ధంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం డేరాలు, బట్టలు చివికిపోతుంటే, వాటిని తింటున్నది ఎవరో వెతికితే దొరికిన శిలీంధ్రం అది. అప్పుడు నూలు బట్టలు తిన్న ఆ ఎంజైములనే ఈరోజు కాగితం, బట్టల పరిశ్రమల్లో వాడుతున్నారు.

మనకు ప్రత్యేకమైన అంశం కావాలంటే మన పొలాల మట్టి నుంచే శిలీంధ్రాల్ని వేరు చేసి చూడండి. 40 డిగ్రీల ఎండను తట్టుకుని బతికే జీవి దొరికితే, దాని ఎంజైము వేడికి నిలబడే అవకాశం ఎక్కువ. పిప్పి ఒక్కటే కాకుండా బుడ్డల పొట్టు, కొర్రల పొట్టు పక్కపక్కన పెట్టి పోల్చండి, గైడు తప్పకుండా మెచ్చుకుంటారు.

మొదలుపెట్టాలంటే ఎంత సరుకుతో, ఏ నెలలో?

పుట్టగొడుగులైతే సెప్టెంబరు, ఫిబ్రవరి చివరికి ఆపేయండి. ఎండబెట్టి అమ్మాలనుకుంటే మార్చి. సైలేజీ ఏ నెలైనా సరే. లోడు మాట్లాడే ముందు ఊళ్లో నలుగురు పాడి రైతులను కలుపుకోండి, లారీ దిగిన పూటే ఎవరి వాటా వాళ్ల డ్రమ్ముల్లోకి తొక్కేయాలి. ఒంటరిగా తీసుకుంటే మొదటిసారి 200 కిలోలు దాటొద్దు. డ్రమ్ములు, బెల్లం, నరికిన సొప్ప, కవరు, మూత మీద పెట్టడానికి రాళ్లు, అన్నీ లారీ రాకముందే కొట్టం దగ్గర సిద్ధంగా ఉండాలి, రాత్రి వస్తే లైటుతో సహా.